దించాకే ఆవ

గోదావరి జిల్లాల్లో పెరడున్న ఇంట్లో బచ్చలి పాదు ఉండి తీరుతుంది. తీగ ముక్క ఒకటి గోడవారగా గుచ్చితే చాలు, పందిరెక్కేస్తుంది. ఆ బచ్చలిని కందతో కలిపి, ఆవ, అంటే నూరిన ఆవాల ముద్ద, పెట్టి వండిన కూరకి పెళ్ళి భోజనాల్లో ఇప్పటికీ పెద్దపీటే. మా అమ్మమ్మ ఆ కూర విషయంలో ఒక్క నియమం మాత్రం ఎవరినీ తప్పనిచ్చేది కాదు. కూర దించి, వేడి తగ్గాకే ఆవ కలపాలి. ఎందుకని అడిగితే, "లేకపోతే ఘాటు చచ్చిపోతుందే" అనేది. ఆ మాట అక్షరాలా నిజం.

ఆవగింజని నలపకుండా ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. ఘాటేమీ తెలియదు. గింజలో ఘాటు ముందే తయారై ఉండదు మరి. సినిగ్రిన్ అనే పదార్థమూ, మైరోసినేజ్ అనే ఎంజైమూ గింజలో వేరువేరు చోట్ల ఉంటాయి. రోట్లో నీళ్ళు చిలకరించి నూరినప్పుడు కణాలు చితికి రెండూ కలుస్తాయి. అప్పుడు పుడుతుంది అల్లైల్ ఐసోథయోసయనేట్, మన ముక్కుపుటాలు అదరగొట్టే ఘాటు. పురుగు కొరికితే తరిమికొట్టడానికి మొక్క దాచుకున్న ఆయుధమది.

ఎంజైము ప్రోటీను కాబట్టి వేడికి పాడైపోతుంది. ఉడుకుతున్న కూరలో ఆవ వేస్తే కొత్త ఘాటు పుట్టడం ఆగిపోతుంది, పుట్టింది కాస్తా ఆవిరితో లేచిపోతుంది. రెండు విధాలా నష్టమే. నూరిన ముద్దని ఓ పది నిమిషాలు పక్కన పెట్టి, గోరువెచ్చటి కూరలో కలిపితే పూర్తి ఘాటు దక్కుతుంది.

నాకు అన్నిటికన్నా ముచ్చటగా అనిపించేది, ఇదే కూరకి పెట్టే పోపులోనూ ఆవాలే ఉండటం. కాగిన నూనెలో గింజలోని తేమ ఆవిరై, ఆ ఒత్తిడికి గింజ చిటపటలాడుతుంది. ఎంజైము వేడికి ముందే చచ్చిపోయి ఉంటుంది కాబట్టి ఘాటు రాదు, వేగిన కమ్మదనం మాత్రం వస్తుంది. ఒకే గింజ, ఒకే కూర, రెండు రుచులు! ఇంగువ, కరివేపాకుల సువాసన, ఎండుమిర్చి కారం నీటిలో కన్నా నూనెలో బాగా కరుగుతాయి. పోపు కూరంతా పరుచుకునేది అందుకే. బచ్చలాకులోని బీటా కెరోటిన్ ఒంటికి పట్టడానికి కూడా ఆ కాస్త నూనె కావాలి.

ఇక కంద. అందులో కాల్షియం ఆక్జలేట్ సన్నటి సూదుల్లాంటి స్ఫటికాలుగా ఉంటుంది. అవి గుచ్చుకునే చేతులు దురద పెడతాయి. తరిగే ముందు చేతికి నూనె రాసుకునేది అందుకే. సరిగ్గా ఉడకని కంద గొంతు పట్టేస్తుంది. చింతపండు ఈ దురదని విరుస్తుందంటారు గానీ, దాన్ని మొదట్లోనే పోస్తే ముక్క మొరాయిస్తుంది. కణాల్ని అతికించి ఉంచే పెక్టిన్ పులుపులో తొందరగా కరగదు. పులుసు ముందే పోస్తే కందిపప్పు ఉడకకపోవడం మనకి తెలిసిందే కదా. కంద మెత్తబడ్డాకే పులుపు. ఆ పులుపుకే ఆకు రంగూ మారుతుంది. పత్రహరితంలోని మెగ్నీషియం ఊడిపోయి, లేత పచ్చదనం ముదురు ఆలివ్ రంగులోకి దిగుతుంది. ఇది కూర చెడిందనడానికి గుర్తు కాదు.

మిరప కారం నాలుకని పట్టుకుంటే ఆవ ఘాటు ముక్కుకెక్కుతుంది. మిరపలోని కాప్సైసిన్ ఆవిరిగా లేవదు, ఆవ ఘాటు ఇట్టే లేస్తుంది. వాటిని పసిగట్టే గ్రాహకాలూ వేరు: మిరపకి టీఆర్‌పీవీ1, ఆవకి టీఆర్‌పీఏ1. కాప్సైసిన్ సాయంతో మిరప గ్రాహకాన్ని కనిపెట్టిన అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కి 2021లో మరొకరితో కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

అమెరికాలో ఉండే మా వదిన ఓసారి, "ఆవ పెట్టాను గానీ ముక్కుకి ఎక్కలేదు" అని వాపోయింది. ఆవిడ వాడింది లావుపాటి పసుపు ఆవాలు. వాటిలో ఉండేది సినిగ్రిన్ కాదు, సినాల్బిన్. దాన్నుంచి పుట్టే ఘాటు దాదాపుగా ఆవిరిగా లేవదు, నాలుకని చురుక్కుమనిపించి ఊరుకుంటుంది. మన వైపు దొరికే చిన్న నల్ల ఆవాలు ఇండియన్ దుకాణంలో కొనుక్కుని, చన్నీళ్ళతో నూరమని చెప్పాను.