నిన్నటి శత్రువు అధిపతి అయిన కళాశాల

పారిస్‌లోని సైనిక పాఠశాల ఎకోల్ మిలిటేర్‌ను 18వ శతాబ్దంలో పదిహేనో లూయీ స్థాపించాడు. నెపోలియన్ చదువుకున్నది అక్కడే. చేయని నేరానికి ఆల్ఫ్రెడ్ డ్రైఫస్ అనే యూదు సైనికాధికారి హోదా చిహ్నాలు తెంచేసి, కత్తి విరిచి, 1895 జనవరిలో అందరి ఎదుటా అవమానించినదీ ఆ ప్రాంగణంలోనే. ఫ్రెంచి సైన్యం గర్వానికీ సిగ్గుకూ సాక్షి అయిన ఆ చోటే 1951 నవంబర్ 19న పశ్చిమ దేశాల సైనిక కూటమి నాటో వారి రక్షణ కళాశాల తలుపులు తెరిచింది.

ఆలోచన అమెరికా జనరల్ ఐసెన్‌హోవర్‌ది. ఐరోపాలో నాటో సేనలకు తొలి సర్వసేనాధిపతిగా వచ్చిన ఆయనకు ఒక చిక్కు ఎదురైంది. ఎవరి దేశపు పద్ధతిలో వారు ఆరితేరిన అధికారులు ఉన్నారు. పలు దేశాల ఉమ్మడి కార్యాలయంలో కూర్చుని పనిచేయడం నేర్చినవారు అరుదు. అందుకే ఇక్కడ తుపాకీ శిక్షణ ఉండదు. వేర్వేరు దేశాల సైనికాధికారులను, దౌత్యవేత్తలను చిన్న బృందాలుగా కలిపి, ఒకే సమస్యపై నెలల తరబడి వాదించుకోనిస్తారు. భాషలు రెండు, ఇంగ్లిషు, ఫ్రెంచి. తొలి కమాండెంట్, అంటే కళాశాల అధిపతి, ఫ్రెంచి అడ్మిరల్ ఆండ్రే లెమోనియే.

ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా కదిలించేది 1963. ఆ ఏడాది కమాండెంట్‌గా వచ్చిన వోల్ఫ్ ఫన్ బౌదిసిన్ జర్మన్. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సేనాపతి రోమెల్ సేనలో పనిచేస్తూ 1941లో ఉత్తర ఆఫ్రికాలో పట్టుబడి, ఆస్ట్రేలియాలో ఏళ్ల తరబడి యుద్ధఖైదీగా గడిపారు. తర్వాత పశ్చిమ జర్మనీ కొత్త సైన్యానికి నైతిక పునాది వేసినవారిలో ముఖ్యులయ్యారు. సైనికుడు యూనిఫాం వేసుకున్న పౌరుడే, మనస్సాక్షిని ఎవరి ఆజ్ఞకూ తాకట్టు పెట్టకూడదన్నది ఆయన పట్టుదల. జర్మన్ ఆక్రమణ నుంచి పారిస్ బయటపడింది 1944లో. ఇరవై ఏళ్లయినా నిండకముందే, అదే నగరంలో, ఎకోల్ మిలిటేర్‌లోనే, పలు దేశాల అధికారులు ఒక జర్మన్ జనరల్ నాయకత్వంలో చదువుకున్నారు. సంధి పత్రాల మీద సంతకాలు ఒక్క రోజులో అయిపోతాయి; ఇలాంటి నమ్మకం కుదరడానికి ఎంత ఓపిక కావాలో ఊహించుకోవచ్చు.

1966లో ఫ్రాన్స్ అధ్యక్షుడు డి గాల్ తన దేశాన్ని నాటో ఉమ్మడి సైనిక వ్యవస్థ నుంచి తప్పించారు. విదేశీ సైనిక కార్యాలయాలన్నీ ఫ్రెంచి గడ్డ ఖాళీ చేయవలసి వచ్చింది. సర్వసేనాధిపతి కార్యాలయం బెల్జియం చేరింది, కళాశాల రోమ్‌కు తరలింది. చోటు పోయినా ఫ్రెంచి భాషను మాత్రం వదులుకోలేదు.

రోమ్‌లోని చెకిఞోలా సైనిక ప్రాంతంలో ఇప్పుడున్న ప్రాంగణానికి కళాశాల 1999లో మారింది. పోలండ్, హంగరీ, చెక్ రిపబ్లిక్ నాటోలో చేరినదీ ఆ ఏడాదే. పశ్చిమ జర్మనీ నాటోలో చేరిన కొద్ది రోజులకే, 1955లో, నాటోకు పోటీగా సోవియట్ కూటమి ఒప్పందం కుదిరింది పోలండ్ రాజధాని వార్సాలో. 2014లో ఆ పోలండ్ నుంచే జనరల్ యానుష్ బొయార్స్కీ వచ్చి కమాండెంట్ కుర్చీలో కూర్చున్నారు.