సరంగు గంట

చిట్టితల్లీ, బుజ్జిగా,

మొన్న ఫోన్లో మీరడిగింది నా బుర్రలోనే తిరుగుతోంది. "అన్నయ్య ఒట్టి 'కే' అని కొట్టి ఇంకో రెండు ముక్కలు రాస్తే స్క్రీన్ నిండా జాబితా వచ్చేస్తోంది పెదనాన్నా, కే అంటే కంప్యూటర్‌కి ఎలా తెలుసు?" అని. దానికేం తెలియదర్రా. మీ అన్నయ్య నేర్పాడు, అంతే.

వాడు చూసుకునేది కుబర్నెటీస్. 2014లో గూగుల్ వాళ్ళు బయటపెట్టారు. బోలెడు కంప్యూటర్లను ఒక జట్టుగా కట్టి, కంటైనర్లనే పెట్టెల్లో సర్దిన ప్రోగ్రాములను వాటి మీద నడిపిస్తుంది. పేరేమో గ్రీకు మాట, చుక్కాని పట్టేవాడని అర్థం. అంటే మన గోదావరి మీద సరంగు! అది తెలిసిన రోజు నాకెంత సంబరమేసిందో.

చిన్నప్పుడు శివరాత్రికి రాజమండ్రి నుంచి పట్టిసీమకు లాంచీలో వెళ్ళేవాళ్ళం. సరంగు పైన చక్రం దగ్గర, ఇంజను డ్రైవరు కింద పొగలో. ఆ మోతలో గొంతు చించుకున్నా వినపడదు కదా, అందుకని ఒక తాడు లాగితే కింద గంట మోగేది. మేమెక్కే లాంచీలో ఒక గంటైతే ముందుకి, రెండైతే ఆపు, మూడైతే వెనక్కి. "రేవొచ్చేసింది, ఇంజను ఆపరా" అన్న మాటంతా రెండు గంటల్లో అయిపోయేది. అమ్మ పులిహోర పొట్లం విప్పినా లేవకుండా ఆ తాడు వంకే చూస్తూ కూర్చునేవాణ్ణి, ఓసారి ఆగలేక ముట్టుకుంటే సరంగు చేతి మీద ఒక్కటి వేశాడు.

అన్నయ్య కే కూడా ఆ తాడే. కుబర్నెటీస్‌కి ఏం చెప్పాలన్నా ముందు క్యూబ్‌సీటీఎల్ అని ఇంగ్లీషులో ఏడక్షరాలు కొట్టాలి, అదీ రోజంతా. (దాన్నెలా పలకాలో ఆఫీసుల్లో ఇప్పటికీ తగాదాలే.) అందుకని అలియాస్ (మారుపేరు) అని రాసి, పక్కన కే, ఈక్వల్ టు గుర్తు, క్యూబ్‌సీటీఎల్ రాస్తాడు. ఆ గుర్తుకి అటూ ఇటూ ఖాళీ వదలకూడదు, వదిలితే షెల్, అంటే మనం కొట్టింది చదివి పని చేయించే ప్రోగ్రాము, ఒప్పుకోదు. అలా రాసింది ఆ టెర్మినల్, అంటే ఈ మాటలు కొట్టే విండో, మూసేదాకానే. బాష్‌ఆర్‌సీ అనే ఫైల్లో రాసిపెడితే టెర్మినల్ తెరిచినప్పుడల్లా చదువుకుంటుంది.

కానీ ఏ లాంచీ గంటలు ఆ లాంచీవే. నేను రిటైరయ్యే ముందు ఏడాది పక్క సీటు కుర్రాడి కంప్యూటర్ ముందు కూర్చున్నా. నా దగ్గర కేడీ అంటే డిస్క్రైబ్, వివరాలు చెప్పమని. వాడి దగ్గర డిలీట్! ఒక డిప్లాయ్‌మెంట్ (ఏ ప్రోగ్రాము ఎన్ని కాపీలు నడవాలో చెప్పే పద్దు) పేరు రాసి ఎంటర్ కొట్టేశా. "నిజంగా తీసెయ్యనా" అని కూడా అడగదు అది. ఒక్క పాడ్, అంటే ఆ ప్రోగ్రాము కాపీ ఒక్కటి, పోయుంటే క్లస్టరే, అంటే ఆ కంప్యూటర్ల జట్టే, ఇంకోటి పుట్టించేది, నేను ఏకంగా మొదలే నరికా. ఆ పద్దు రాసిన ఫైలు దాచి ఉంది కాబట్టి మళ్ళీ నిలబెట్టాం గానీ ఆ పావుగంటా ఒకటే చెమటలు. కేడీ పేరుకు తగ్గ పనే చేశాడు! అందుకే చెబుతున్నా, పొట్టి పేర్లు చూసే పనులకే పెట్టుకోండి, చెరిపే పనికి వద్దు. చెరిపేటప్పుడు వేళ్ళు కాస్త కష్టపడాలి.

అంత పొట్టి మాట అన్ని కంప్యూటర్ల దాకా ఎలా వెళ్తుందంటారా, అదింకో ఉత్తరం. ఆదివారం అన్నయ్య చేత టెర్మినల్ తెరిపించి 'టైప్ కే' అని కొట్టించండి, ఆ కే వెనకున్నదేమిటో అదే చెబుతుంది. తర్వాత ఒట్టి 'అలియాస్' కొట్టండి, వాడు పెట్టుకున్న గంటలన్నీ వరసగా వస్తాయి. అందులో కేడీ ఉందేమో చూసి నాకు ఫోన్ చెయ్యండి.

మీ పెదనాన్న