‘ఐ’ అవసరమా?

చిరంజీవులకు ఆశీస్సులు.

మీ ఇద్దరి ప్రోగ్రాములూ చదివాను. పని ఒకటే: అర్రేలో, అంటే నంబర్లున్న గళ్ల వరుసలో, ఉన్న ఐదు మార్కుల సగటు కట్టడం. పొరపాటూ ఒకటే. గడి నంబరును లెక్కపెట్టే ‘ఐ’ని సున్నాతో మొదలుపెట్టి, అది ఐదు కంటే తక్కువ లేదా సమానంగా ఉన్నంతసేపు లూప్ తిప్పారు, అంటే అదే పనిని మళ్లీ మళ్లీ చేయించారు. అర్రేలో గళ్లు ఐదే, వాటి నంబర్లు 0 నుంచి 4 వరకు. 5వ నంబరు గడి అక్కడ లేదు. జావాలో రాసినవారి ప్రోగ్రాం అక్కడే ఆగి, ఇండెక్స్ (గడి నంబరు) హద్దు దాటిందని చెప్పింది. సీ ప్లస్ ప్లస్‌లో రాసినవారికి ఏ ఎర్రరూ రాలేదు, సగటు వచ్చింది. పక్కన మెమరీలో ఏ సంఖ్య ఉందో అది ఆరో మార్కుగా కలిసిపోయింది. నన్నడిగితే ఆగిపోయిన ప్రోగ్రామే మేలు.

సున్నాతో మొదలుపెట్టి, చివరి సంఖ్యను కలపకుండా ఆపడమే మంచి పద్ధతని 1982లో కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా ఒక చిన్న వ్యాసంలో వివరించాడు. 0 నుంచి బయలుదేరి 5 రాకముందే ఆగితే, ఆ రెండింటి తేడాయే గళ్ల లెక్క. ఖాళీ అర్రే అయితే 0 నుంచి 0, దానికోసం విడిగా ఏమీ రాయక్కర్లేదు. కాబట్టి ‘ఐ’ వాడితే ‘తక్కువ’ గుర్తు చాలు, ‘సమానం’ వద్దు.

అసలు ‘ఐ’ ఎందుకు? మీకు కావలసింది ప్రతి మార్కూ. దాని నంబరుతో మీకు పనిలేదు. అయినా ఎక్కడ మొదలు, ఎక్కడ ఆఖరు, ఎంతెంత పెంచాలి, ఏ అర్రేలోంచి తీయాలి, ఇవన్నీ చేత్తో రాశారు. ఇన్నిట్లో ఏ ఒక్కటి తప్పినా లెక్క తప్పుతుంది. పైథాన్‌లో ‘ఫర్ మార్కు ఇన్ మార్కులు’ అంటే సరిపోతుంది. జావాలో ఇలా రాసే వీలు 2004లో ఐదో వెర్షన్‌తో వచ్చింది, సీ ప్లస్ ప్లస్‌లో 2011లో, జావాస్క్రిప్ట్‌లో 2015లో. ఆలోచన మాత్రం పాతదే. 1970లలో అమెరికాలోని ఎంఐటీలో కంప్యూటర్ శాస్త్రవేత్త బార్బరా లిస్కోవ్ బృందం తయారుచేసిన సీఎల్‌యూ భాషలోనే, లోపలి వస్తువులను ఒక్కొక్కటిగా అందించే పని వాటిని దాచుకునే కంటైనర్‌కే (అర్రే, లిస్టు లాంటిదానికే) అప్పగించారు. నాకు ఎంతో నచ్చిన ఆలోచన ఇది. ‘ఐ’తో అన్నిచోట్లా పని జరగదు కూడా. సెట్ అనే కంటైనర్‌లో గళ్లకు నంబర్లే ఉండవు. ఒక్కో వస్తువు తర్వాతిది ఎక్కడుందో మాత్రమే చెప్పే లింక్డ్ లిస్ట్‌లో నంబరు చెప్పి అడిగితే ప్రతిసారీ మొదటినుంచి నడవాలి. 10,000 వస్తువులుంటే అలా మొత్తం 5 కోట్ల అడుగులు దాటతాయి. ఒక్కొక్కటీ ఇవ్వమని లిస్టునే అడిగితే 10,000 అడుగులతో పని అయిపోతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ప్రతి మార్కుకూ ఐదు కలపాలని లూప్‌లో ‘మార్కు = మార్కు + 5’ అని రాస్తారు. పైథాన్‌లో లిస్టు మారదు. మార్కు అనే పేరు కొత్త సంఖ్యకు అంటుకుంటుంది, లిస్టులో పాతదే ఉంటుంది. సీ ప్లస్ ప్లస్‌లో మార్కు పేరు ముందు రకం చోట ఉత్త ‘ఆటో’ (రకాన్ని నువ్వే తేల్చుకో అని) రాస్తే చేతికొచ్చేది నకలు. గడిలో ఉన్నదే మారాలంటే ఆటో పక్కన ఆంపర్‌సాండ్ (&) పెట్టాలి. చదవడానికే అయితే ముందు, మార్చకూడదని చెప్పే ‘కాన్‌స్ట్’ కూడా చేర్చండి. పెద్ద పెద్ద వస్తువులకు ఊరికే నకళ్లు తీయకుండా ఉంటుంది, పొరపాటున మార్చబోతే కంపైలర్ పట్టుకుంటుంది.

వరుస నంబరు నిజంగా కావాలంటే పైథాన్‌లో ‘ఎన్యూమరేట్’ ఉంది, నంబరునూ వస్తువునూ కలిపి ఇస్తుంది. పేర్లు ఒక లిస్టులో, మార్కులు ఇంకో లిస్టులో ఉంటే, రెండింటినీ జతలుగా ఇచ్చే ‘జిప్’ వాడండి. ఒక లిస్టు పొట్టిదైతే జిప్ చప్పుడు లేకుండా అక్కడే ఆగిపోతుంది. 3.10 వెర్షన్ నుంచి ‘స్ట్రిక్ట్’ అని అడిగితే తేడా ఉందని చెబుతుంది. నేనైతే ఎప్పుడూ అడుగుతాను.

ఇక తిరుగుతున్న లిస్టులోంచే తీసేయడం. 10, 20, 20, 30 అనే లిస్టులో 20లను తీసేయాలనుకోండి. మొదటి 20 పోగానే రెండోది జరిగి దాని చోటికి వస్తుంది. లూప్ మాత్రం తర్వాతి గడికి వెళ్లిపోతుంది, అక్కడున్నది 30. రెండో 20ని ఎవరూ చూడలేదు, అలాగే మిగిలిపోయింది. పైథాన్‌లో ఇది ఎర్రర్ లేకుండా జరుగుతుంది. జావాలో అయితే చాలాసార్లు ఎక్సెప్షన్ (తప్పు జరిగిందనే కబురు) వచ్చి ఆగుతుంది. అందుకే ఉంచుకోవలసినవాటిని కొత్త లిస్టులో వేయండి. లేదా జావాలో ‘రిమూవ్ ఇఫ్’, సీ ప్లస్ ప్లస్ 2020 ప్రమాణంలో ‘ఎరేజ్ ఇఫ్’ ఉన్నాయి, వాటికే అప్పగించండి.

‘ఐ’ అవసరమయ్యే చోట్లూ ఉన్నాయి, పక్కపక్క గళ్లను పోల్చడం లాంటివి. అప్పుడు నిస్సంకోచంగా వాడండి. కానీ సీ ప్లస్ ప్లస్‌లో వెనక నుంచి ముందుకు వస్తుంటే జాగ్రత్త. ‘ఐ’ అన్‌సైన్డ్ రకమైతే, అంటే రుణ సంఖ్యలు పట్టనిదైతే, అది సున్నా కంటే కిందికి దిగదు, ఒకటి తీసేస్తే చాలా పెద్ద సంఖ్య అయిపోతుంది. ‘సున్నా కంటే ఎక్కువ లేదా సమానం’ అనే షరతు ఎప్పటికీ నిజమే, కాబట్టి లూప్ ఆ షరతుతో ఆగదు. ఒకప్పుడు దీనివల్ల నాకు ఒక రాత్రంతా టెన్షన్‌తో గడిచింది.

మీ సగటు ప్రోగ్రాంను ‘ఐ’ లేకుండా మళ్లీ రాసి పంపండి. ఖాళీ లిస్టు ఇచ్చి కూడా చూడండి. లూప్ ఒక్కసారీ తిరగకుండా సరిగ్గానే బయటికి వస్తుంది, ఆ కింద భాగహారం సున్నాతో జరుగుతుంది.

మీ తాతయ్య