వంగిన పెన్‌డ్రైవ్‌ని మళ్ళీ గుచ్చకండి

చిన్నూ, బుజ్జీ,

మా షష్టిపూర్తి ఫొటోలున్న పెన్‌డ్రైవ్ లాప్‌టాప్‌కి పెట్టి ఉండగానే మోచెయ్యి తగిలి వంగిపోయిందని నిన్న ఫోన్‌లో ఒకటే ఏడుపు. నాకు మీమీద కోపం లేదమ్మా. కానీ దాన్ని చేత్తో సరిచేసి నాలుగైదుసార్లు మళ్ళీ గుచ్చి చూశామన్నారు చూడండి, అప్పుడు మాత్రం నాకు టెన్షన్ పట్టుకుంది.

పైడొప్ప తీస్తే లోపల చిన్న ఆకుపచ్చ పలక ఉంటుంది, దానిమీద పెద్ద చిప్పులో ఫొటోలు, చిన్న చిప్పు కంట్రోలర్, ఏ ముక్క ఎక్కడ దాచిందో దానికే తెలుసు. ముందున్న ఇనప మూతి ఆ పలకకి నాలుగు టంకం చుక్కలతో అంటుకుని ఉంటుంది: ఒకటి 5 వోల్టుల కరెంటు, ఒకటి గ్రౌండ్, మధ్యలో రెండూ డేటావి. వంగితే ఎక్కువగా విరిగేది ఆ చుక్కల దగ్గరే, ఫొటోలున్న చిప్పుకి సాధారణంగా ఏమీ కాదు. అలాగే వదిలేస్తే పని సులువు. ఆడించేకొద్దీ టంకంతోపాటు పలకమీది రాగిగీత కూడా లేచొస్తుంది, రెండు చుక్కలు ఒకదానికొకటి తగిలితే కంట్రోలర్ కాలిపోవచ్చు. అది పోతే చిప్పు ఊడదీసి చదవాలి, చదివినా డేటా అంతా కలగాపులగంగా వస్తుంది, దాన్ని సర్దడం పెద్ద ల్యాబుల పని, ఖర్చు కూడా ఎక్కువే.

మీది మూతి మాత్రమే విరిగినట్టుంది. భూతద్దం కింద పెట్టి, పాత యూఎస్‌బీ కేబుల్ కోసి, అందులోని ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ, నలుపు తీగలు వరసగా అతికిస్తాను. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ఇన్నేళ్ళు చేసిన పనే ఇది. డ్రైవ్ కనపడగానే విండోస్ ఫార్మాట్ చేయమంటే కాన్సిల్ కొట్టాలి, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ముందు డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాంతో మొత్తం డ్రైవ్‌ని ఒకే ఇమేజ్ ఫైలుగా, అంటే ఉన్నదున్నట్టు నకలుగా, నా కంప్యూటర్‌లోకి తీసుకుంటాను, ఆ తర్వాత పనంతా ఆ కాపీ మీదే. ఫోల్డర్లు చెడిపోయినా ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది, జేపెగ్ ఫొటో మొదట్లో ఉండే గుర్తుని బట్టి ఒక్కొక్కటీ వెతికి తీస్తుంది. ఫైలు పేర్లు రావు, మనుషులు వస్తారు, మనకి అది చాలు.

ఆదివారం ఉప్పల్‌లో మెట్రో ఎక్కి ప్యారడైజ్‌లో దిగండి, నేనే స్టేషన్‌కొస్తాను. డ్రైవ్‌ని జేబులో వేసుకోవద్దు, దూది పెట్టి చిన్న స్టీలు డబ్బాలో తీసుకురండి. మూతి పూర్తిగా ఊడిపోతే ఆ ముక్క కూడా. ఆరోజు వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలు ఏవైనా ఉంటే ఫోన్‌లోంచి తీసెయ్యొద్దని మీ అమ్మకి చెప్పండి.

మీ తాతయ్య