ఖాళీ గంటల జీతం ఏ ఖాతాలో వేయాలి? అపోహలు - వాస్తవాలు

చిన్న ఇంజినీరింగ్ యూనిట్లకు కాస్టింగ్ (ఏ పనికి ఎంత ఖర్చయిందో తేల్చే లెక్క) చూస్తుంటాను. లేబర్ లెక్కలో ఎక్కువమంది తడబడేది ఐడిల్ టైమ్ దగ్గరే. జీతం ఇచ్చాం, ఆ గంటలో పని జరగలేదు, మరి ఆ డబ్బు ఎక్కడ చూపించాలి?

అపోహ: నెల జీతాన్ని నెల గంటలతో భాగిస్తే గంట రేటు వచ్చేస్తుంది.

వాస్తవం: లేత్ ఆపరేటర్ జీతం 18,200 అనుకోండి (పీఎఫ్, ఈఎస్ఐలో యజమాని వాటా కూడా కలపాలి, లెక్క తేలిగ్గా ఉండాలని వదిలేస్తున్నా). 26 రోజులు, రోజుకు 8 గంటలు, మొత్తం 208. గంటకు 87.50. చాలా కొటేషన్లు ఇక్కడే ఆగిపోతాయి. కానీ టీ, టూల్ మార్చడం, ఒక జాబ్ దించి ఇంకోటి ఎక్కించేదాకా ఆగడం, ఇవన్నీ కలిపి రోజుకో గంట పోతే పని జరిగేది 182 గంటలే, అప్పుడు రేటు 100. 40 గంటల జాబ్‌కి 4,000 వేయాల్సిన చోట 3,500 వేసేసి, ఆర్డర్లు నిండుగా ఉన్నా డబ్బు ఎందుకు మిగలట్లేదని తల పట్టుకుంటారు. ఇది సాధారణ ఐడిల్ టైమ్. ఇలా రేటులో కలపొచ్చు, లేదా ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్స్‌లో (ఏ ఒక్క జాబ్‌కీ చెందని ఉమ్మడి ఖర్చుల్లో) వేయొచ్చు. రెండుచోట్లా వేసేవాళ్లూ ఉన్నారు!

అపోహ: అయితే ఖాళీ గంటలన్నీ రేటులోకే తోసేద్దాం.

వాస్తవం: ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి రెండు రోజులు షెడ్ మూతపడింది. 16 గంటలకు 87.50 చొప్పున 1,400. ఇది అసాధారణ ఐడిల్ టైమ్, నేరుగా కాస్టింగ్ లాభనష్టాల ఖాతాకు వెళ్లాలి. మిగిలిన 24 రోజుల్లో పనిగంటలు 168, జీతం 16,800, రేటు మళ్లీ 100. అలా కాకుండా మొత్తం రుద్దితే 108.33 అవుతుంది. మీ ట్రాన్స్‌ఫార్మర్ కాలితే కస్టమర్ ఎందుకు కట్టాలి? పక్క షెడ్డుకి వెళ్లిపోతాడు. కాస్ట్ అకౌంటెంట్ల ఇన్‌స్టిట్యూట్ ఇచ్చిన కాస్ట్ అకౌంటింగ్ ప్రమాణం సీఏఎస్-7 కూడా అసాధారణ ఐడిల్ టైమ్‌ని ఉద్యోగుల ఖర్చులో చేర్చొద్దనే చెబుతుంది. స్టాక్ విలువ కట్టేటప్పుడు అకౌంటింగ్ స్టాండర్డ్ ఏఎస్-2ది కూడా అదే మాట.

అపోహ: కరెంటు పోతే అది ఎప్పుడూ అసాధారణమే.

వాస్తవం: 2012లో ఉమ్మడి రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడే ఉండేది. వారం వారం ఫలానా రోజు కరెంటు ఉండదని ముందే తెలిసినప్పుడు దాన్ని అసాధారణం అనడం నా దృష్టిలో కుదరదు. కారణానికి ఏం పేరు పెట్టామన్నది కాదు, ముందే ఊహించగలిగామా, తప్పించగలిగేదేనా అన్నది చూడాలి. ఐటీ కంపెనీల్లో బెంచ్ (ప్రాజెక్ట్ లేక ఖాళీగా ఉన్న ఉద్యోగులు) కూడా ఇలాంటిదే, కొంత బెంచ్ ఉంటుందని తెలిసే బిల్లింగ్ రేటు పెడతారు.

అపోహ: బయోమెట్రిక్ ఉందిగా, జాబ్ కార్డులు దండగ.

వాస్తవం: పంచ్ చెప్పేది మనిషి గేటు లోపల ఎంతసేపు ఉన్నాడన్నదే. ఏ జాబ్ మీద ఎంతసేపు పనిచేశాడో కార్డు చెబుతుంది, రెంటికీ తేడానే ఐడిల్ టైమ్. షిఫ్ట్ అయ్యాక సూపర్‌వైజర్ కూర్చుని అందరికీ 8, 8, 8 అని నింపేస్తే ఆ కాగితం చిత్తుబుట్టకే. గంటల పక్కన కారణం కూడా రాయించండి: డ్రాయింగ్ రాలేదు, స్టోర్ నుంచి మెటీరియల్ రాలేదు, క్యూసీ (నాణ్యత) చెకింగ్ కోసం ఆగాం. వర్కర్లు బద్ధకస్తులని తిట్టే ఓనర్లు ఆ కాలమ్ ఒక నెల చదివితే చాలు, తిట్లు ఆఫీసు వైపు తిరుగుతాయి.

అపోహ: మాది పీస్ రేటు (చేసిన పీసుకి ఇంతని కూలి) కాబట్టి మాకు ఐడిల్ టైమ్ లేదు.

వాస్తవం: గ్యారంటీ కూలి ఉంటే, పీస్ సంపాదన దానికి తగ్గిన రోజు మీరు కలిపి ఇచ్చే తేడాలో పని లేక కూర్చున్న గంటల వాటా ఐడిల్ ఖర్చే. ఖాళీగా ఉన్న మెషిన్ తరుగుదల, షెడ్ అద్దె మాత్రం ఐడిల్ కెపాసిటీ (వాడుకోని సామర్థ్యం) లెక్క, లేబర్‌లో కలపకండి.