నీలం దగ్గరే తకరారు

చాలా ఫోన్ల ఓఎల్‌ఈడీ తెరలను, అంటే కర్బన పదార్థాలు కరెంటుతో తామే వెలిగే తెరలను, సూక్ష్మదర్శినిలో చూస్తే ఒక చిత్రమైన అసమానత కనిపిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కల్లో నీలం చుక్కే పెద్దది. అది అందం కోసం చేసిన ఏర్పాటు కాదు. నీలాన్ని వెలిగించే పదార్థం మిగతా రెండింటికంటే త్వరగా అలసిపోతుంది. చుక్క వైశాల్యం పెంచితే అదే వెలుగుకు ఒక్కో అణువు మీద పడే కరెంటు తగ్గి, అది నాలుగు కాలాల పాటు మన్నుతుంది. రసాయనం చాలని చోట ఇంజినీర్లు జాగాతో సర్దుకున్నారన్నమాట.

కంటికి కనిపించని తేడా మరొకటి ఉంది. ఎరుపు, ఆకుపచ్చ చుక్కల్లో చాలాకాలంగా ఫాస్ఫోరెసెంట్ పదార్థాలే వాడుతున్నారు. నీలంలో మాత్రం పాత తరం ఫ్లోరెసెంట్ పదార్థమే కొనసాగింది. కారణం తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ఈస్ట్‌మన్ కోడక్ సంస్థలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ 1987లో రెండు పలుచని కర్బన పొరలతో, 10 వోల్టుల లోపు విద్యుత్తుతో వెలిగే పరికరం చేసి చూపారు. అందులోకి వెళ్ళిన ప్రతి 100 ఎలక్ట్రాన్లకూ బయటికి వచ్చిన కాంతి కణం దాదాపు ఒక్కటే. పుట్టిన కాంతిలో చాలా భాగం గాజులోనూ పొరల్లోనూ చిక్కుకుపోవడం ఇందుకు ఒక కారణం. రెండో కారణం క్వాంటం లెక్క. ఒక వైపు నుంచి ఎలక్ట్రాన్, మరో వైపు నుంచి ధన ఆవేశం వచ్చి ఒక అణువు మీద కలిసినప్పుడు ఎక్సిటాన్ అనే ఉత్తేజిత స్థితి ఏర్పడుతుంది. ఎలక్ట్రాన్ల స్పిన్ అనే క్వాంటం గుణాన్ని బట్టి ఇవి రెండు రకాలు: నాలుగింట ఒక వంతు మాత్రమే సింగ్లెట్లు, మిగతా మూడు వంతులూ ట్రిప్లెట్లు. సింగ్లెట్ కొన్ని నానోసెకన్లలో కాంతిని వదిలేస్తుంది, అదే ఫ్లోరెసెన్స్. ట్రిప్లెట్ వదిలే కాంతి ఫాస్ఫోరెసెన్స్. అది రావాలంటే ఎలక్ట్రాన్ స్పిన్ దిశ మారాలి, దానికి క్వాంటం నియమాలు అడ్డు. సాధారణ కర్బన అణువుల్లో ఆ నిరీక్షణ మిల్లీసెకన్ల నుంచి సెకన్ల దాకా సాగుతుంది. ఈలోపు శక్తి వేడిగా మారిపోతుంది. పెట్టిన విద్యుత్తులో ముప్పావు వంతు అలా వృథా.

ఆ అడ్డును సడలించేది బరువైన పరమాణువు. కేంద్రక ఆవేశం పెరిగేకొద్దీ ఎలక్ట్రాన్ స్పిన్‌కూ దాని కక్ష్యా చలనానికీ మధ్య బంధం బలపడి, సింగ్లెట్, ట్రిప్లెట్ అనే గీత చెరిగిపోతుంది. మార్క్ బాల్డో, స్టీఫెన్ ఫారెస్ట్, మార్క్ థాంప్సన్ బృందం 1998లో ప్లాటినం ఉన్న పార్ఫిరిన్ అణువుతో ఎరుపు కాంతిని రాబట్టింది. అందులో ట్రిప్లెట్ పదుల మైక్రోసెకన్ల పాటు నిలిచిపోయేది. కరెంటు పెంచితే ఎక్సిటాన్లు గుమికూడి సామర్థ్యం పడిపోయేది. మరుసటి ఏడాదే ఇరిడియం వచ్చింది. పరమాణు సంఖ్య 77, చుట్టూ మూడు ఫినైల్‌పిరిడిన్ లిగాండ్లు (లోహాన్ని పట్టుకుని ఉండే కర్బన భాగాలు), నిరీక్షణ కాలం సుమారు ఒక మైక్రోసెకను. పైగా ఏర్పడిన సింగ్లెట్లు కూడా క్షణంలో ట్రిప్లెట్లుగా మారిపోతాయి కాబట్టి ఏదీ వృథా పోదు. 2001 నాటికి ఆకుపచ్చలో అంతర్గత సామర్థ్యం, అంటే బయటికి రాక చిక్కుకుపోయే కాంతిని కూడా కలిపి లెక్కేస్తే వచ్చేది, నూటికి నూరు దరిదాపులకు చేరింది.

అదే ఉపాయం నీలంలో ఎందుకు పారలేదు? ఒక మైక్రోసెకను మనకు లెక్కలోకి రాని కాలమే. కానీ ఫ్లోరెసెంట్ అణువుతో పోలిస్తే అది వందల రెట్లు ఎక్కువ. అంతసేపు శక్తిని మోస్తూ ఉన్న అణువుకు మరో ట్రిప్లెట్టో, ఆవేశం ఉన్న పొరుగు అణువో తగిలితే ఒకరి శక్తి మరొకరికి చేరి, ఒక అణువు మామూలు కంటే చాలా ఎత్తైన ఉత్తేజిత స్థితికి ఎగబాకుతుంది. ఎరుపులోనూ ఇది జరుగుతుంది. అయితే అణువుల శక్తిని కొలిచే ఎలక్ట్రాన్ వోల్టుల్లో చెబితే, ఎరుపు ఎక్సిటాన్ శక్తి 2, నీలానిది 2.7 దాకా. ఈ అణువుల్లోని కర్బన-నత్రజని బంధం తెగడానికి 3 ఎలక్ట్రాన్ వోల్టులకు కాస్త అటూ ఇటూ చాలు. నీలం ఒంటరిగానే ఆ అంచుకు దగ్గరగా ఉంటుంది, రెండు కలిస్తే చెప్పేదేముంది! తెగిన ముక్కలు ఊరుకోవు. పక్కన పుట్టే ఎక్సిటాన్లను మింగుతూ మరింత నష్టం చేస్తాయి.

అంటే ఫాస్ఫోరెసెన్స్ వరమూ శాపమూ ఒకటే, ఆ నిరీక్షణ. సామర్థ్యాన్నీ మన్నికనూ రెండు వేర్వేరు సమస్యలుగా చూసినంతకాలం నీలం లొంగలేదని నాకనిపిస్తుంది.

మొదట్లో లిగాండ్లకు ఫ్లోరిన్ తగిలించి రంగును నీలం వైపు జరిపారు. వచ్చింది ఆకాశ నీలమే, పైగా ఫ్లోరిన్ ఉన్న బంధాలే బలహీన స్థానాలయ్యాయి. ఇంకో చిక్కు లోహం దగ్గరే ఉంది. ఉత్తేజిత శక్తి పెరిగేకొద్దీ, లోహానికీ లిగాండ్‌కూ మధ్య బంధాన్ని వదులు చేసే మరో స్థితి అందుబాటులోకి వస్తుంది. గది వేడి చాలు, అణువు అందులోకి జారి లిగాండ్ విడిపోతుంది. కర్బన పరమాణువుతోనే లోహాన్ని అంటుకునే కార్బీన్ లిగాండ్లు దాన్ని గట్టిగా పట్టుకుని ఆ ప్రమాదకర స్థితిని అందనంత ఎత్తుకు నెడతాయి. ప్లాటినంతో మరో దారి ఉంది. నాలుగు చోట్ల పట్టుకునే ఒకే లిగాండ్‌లో లోహాన్ని బిగిస్తే అణువు కదలికలు తగ్గుతాయి, రంగు శుద్ధంగా వస్తుంది. కానీ ఆ అణువు బల్లపరుపుగా ఉండి పళ్ళేల్లా ఒకదానిపై ఒకటి పేరుకుంటుంది, అప్పుడు వెలుగు ఎరుపు వైపు జారుతుంది. అందుకే అంచులకు లావుపాటి పరమాణు గుంపులు తగిలించి అణువులను దూరంగా ఉంచుతారు.

వెలిగే అణువు ఒక్కటే బాగుంటే సరిపోదు. అది పొరలో కొద్ది పాళ్ళలోనే ఉంటుంది, మిగతాదంతా దాన్ని తనలో ఇముడ్చుకున్న ఆతిథేయ పదార్థం. దాని ట్రిప్లెట్ శక్తి నీలం కంటే ఎక్కువ ఉండాలి, లేకపోతే శక్తి వెనక్కి కారిపోతుంది. ఈ షరతుకు తూగే గట్టి అణువులు తక్కువ. హైడ్రోజన్ స్థానంలో దాని బరువైన రూపం డ్యుటీరియం పెడితే బంధాలు కొంత గట్టిపడతాయి. ఫారెస్ట్ బృందం 2014లో పొర మందం వెంట వెలిగే అణువు గాఢతను క్రమంగా మార్చి, ఎక్సిటాన్లు ఒకచోట గుమికూడకుండా చేసి, ఆయుష్షును పది రెట్లకు పెంచింది. అణువు రసాయనం మార్చకుండా సాధించిన ఫలితం అది. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే నచ్చిన ఘట్టమిదే.

నిరీక్షణనే కుదించే దారులూ ఉన్నాయి. ఫాస్ఫోరెసెంట్ అణువు తన శక్తిని పక్కనున్న ఫ్లోరెసెంట్ అణువుకు వెంటనే అందిస్తే చివరి వెలుగు అక్కడి నుంచే వస్తుంది. లోహపు పొరల మధ్య దూరాన్ని సరిచేసి, కాంతి వెలువడే వేగాన్నే పెంచే ప్రయత్నాలూ సాగుతున్నాయి.

ఇలాంటి ఫలితాల్లో ఆయుష్షు అంకె ఒక్కదాన్నే చూస్తే మోసపోతాం. వెలుగు 95 శాతానికి తగ్గడానికి పట్టిన గంటలు, మొదలుపెట్టిన ప్రకాశం, నీలం ఎంత ముదురు అన్నవి కలిపి చూడాలి. లేతనీలంలో రికార్డులు కొట్టడం తేలిక.

2025 మే నెలలో తెరల తయారీ సంస్థ ఎల్‌జీ డిస్‌ప్లే, నీలం ఫాస్ఫోరెసెంట్ తెర వాణిజ్య ఉత్పత్తి స్థాయి పనితీరును అందుకుందని ప్రకటించింది. విద్యుత్తు వాడకం సుమారు 15 శాతం తగ్గుతుందన్నది. అయితే అందులో నీలానికి ఒకదానిపై ఒకటి పేర్చిన రెండు వెలిగే అంతస్తులున్నాయి. పై అంతస్తే ఫాస్ఫోరెసెంట్. కింది అంతస్తులో మన్నిక భారం మోస్తున్నది ఇప్పటికీ పాత ఫ్లోరెసెంట్ పదార్థమే.