పెద్ద తొట్టిలో సిక్లిడ్ చేపలు: అపోహలు – వాస్తవాలు

కిందటి ఎండాకాలంలో హైదరాబాదులో ఒక ఇంటివాళ్లు పిలిచారు. హాలులో ఆరడుగుల కొత్త తొట్టి. పదకొండు రోజుల్లో పద్నాలుగు చేపలు చనిపోయాయి. ఆ ఇంటి పెద్దావిడ నాకు మంచినీళ్లు తెచ్చిచ్చి, "పోనీలే బాబూ, మా ఇంటికి రావలసిన కీడును అవి తీసుకుపోయాయి" అన్నారు. తొట్లు అమర్చే పనిలోకి వచ్చిన ఈ పదహారేళ్లలో ఈ మాట ఎన్ని ఇళ్లలో విన్నానో చెప్పలేను. ఆవిడ మనసు నొప్పించడం ఇష్టం లేక అప్పటికి ఊరుకున్నాను. తొట్టిలోని నీళ్లు చిన్న సీసాలో పట్టి పరీక్ష చుక్కలు వేస్తే, పసుపుగా ఉండవలసిన రంగు ముదురు ఆకుపచ్చకు తిరిగింది. అది అమోనియా. ఆ చేపలు తాము వదిలిన వ్యర్థంలోనే చనిపోయాయి.

చేప చనిపోతే దాని రాత అనుకున్నంత కాలం కారణం వెతకం. వెతకకపోతే తర్వాత తెచ్చినవీ అలాగే పోతాయి. సిక్లిడ్లు అంటే ఎక్కువగా ఆఫ్రికా, అమెరికాల మంచినీళ్లలో పుట్టిన ఒక చేపల కుటుంబం. నిజానికి ఇవి గట్టి చేపలు. తగిన నీళ్లు, చోటు ఇస్తే ఎనిమిది, పదేళ్లు మన కళ్లముందు తిరుగుతాయి. వాటిని చంపుతున్నది ఎక్కువగా మన నమ్మకాలే. రోజూ వినేవాటిలో కొన్నింటి గురించి ఇక్కడ రాస్తున్నాను.

"నీళ్లు పోసి రెండు రోజులు ఆగితే చాలు, చేపలు వేసుకోవచ్చు"

అన్నింటికన్నా ఎక్కువ చేపలను చంపిన నమ్మకం ఇది. రెండు రోజుల్లో కుళాయి నీళ్లలోని క్లోరిన్ పోవచ్చు. కానీ తొట్టిలో బతకవలసిన సూక్ష్మజీవులు అప్పటికి పుట్టనే పుట్టవు. చేపలు మొప్పల నుంచి అమోనియా వదులుతాయి. మిగిలిపోయిన మేత కుళ్లినా అమోనియాయే వస్తుంది. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైటుగా మారుస్తుంది, అదీ విషమే. మరో రకం ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది. నైట్రేటు కొంతవరకు పరవాలేదు, నీళ్లు మార్చినప్పుడు పోతుంది. ఈ రెండు రకాల బాక్టీరియా ఫిల్టర్‌లోని స్పాంజికి, రాళ్లకు, ఇసుకకు పట్టుకుని సరిపడా పెరగడానికి, అమోనియా అందుతూ ఉంటే, సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

ఆఫ్రికా సిక్లిడ్లు పెంచేవారు దీనికి తోడు ఇంకో సంగతి తెలుసుకోవాలి. నీటిలో అమోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి అంత హాని చేయనిది, రెండోది నేరుగా మొప్పలను కాల్చేది. నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చూపే అంకెను పీహెచ్ అంటారు. అది 7 దగ్గర ఉంటే ఈ రెండో రూపం వందలో ఒక వంతు కూడా ఉండదు. అదే నీళ్లు 28 డిగ్రీల వేడిలో, ఆఫ్రికా చేపలకు తగిన పీహెచ్ 8.4కు చేరితే వందలో దాదాపు 15 వంతులు విషరూపంలోకి మారిపోతాయి. ఎర్రచేప, గప్పీ ఉన్న తొట్టిలో ఏమీ కాని పొరపాటు ఆఫ్రికా చేపల తొట్టిలో ఒక్క రాత్రిలో ప్రాణం తీసేది అందుకే. "ఇంతకుముందు ఇలాగే వేశాను, ఏమీ కాలేదే" అనే వారికి నేను చెప్పే జవాబు ఇదే.

మీకు తెలిసినవారి దగ్గర బాగా నడుస్తున్న తొట్టి ఉంటే, అందులో చేపలు ఆరోగ్యంగా ఉంటే, వారి ఫిల్టర్ స్పాంజి ఒకటి అడిగి తడి ఆరకుండా తెచ్చి మీ ఫిల్టర్‌లో పెట్టండి. ఇంట్లో పెరుగు తోడు పెట్టడం లాంటిదే. గడువు బాగా తగ్గుతుంది. అమోనియా, నైట్రైటు ముందు పెరిగి, తిరిగి రెండూ సున్నా చూపించేదాకా మాత్రం చేపలు కొనడానికి వెళ్లవద్దు.

ఇదే కారణంతో "నెలకోసారి తొట్టి మొత్తం ఖాళీ చేసి, ఫిల్టర్‌ను కుళాయి కింద శుభ్రంగా కడగాలి" అన్నది కూడా తప్పు. అలా కడిగిన ప్రతిసారీ మీ తొట్టి మళ్లీ కొత్తదవుతుంది. వారానికి మూడో వంతు నీళ్లు మార్చండి. స్పాంజిని తొట్టి నుంచి తీసిన నీళ్లలోనే పిండండి.

"చేప తొట్టిని బట్టే పెరుగుతుంది"

పెరగదు, కుంగుతుంది. రెండు అంగుళాలప్పుడు అమ్మే ఆస్కార్ చేప దక్షిణ అమెరికా నదులది. పూర్తిగా పెరిగితే అడుగు దాటుతుంది. రెండడుగుల తొట్టిలో వేస్తే పెరుగుదల మందగించడం నిజమే. అది చేప తెలివిగా సర్దుకోవడం అనుకుంటారు. పేరుకుపోయిన వ్యర్థం వల్ల, కదలడానికి చోటు లేక దాని ఒళ్లు చెడిపోతోందని అర్థం. అలాంటి చేపలు నిండు ఆయుష్షు బతకవు.

కాబట్టి పథకం చేప నుంచి మొదలుపెట్టి తొట్టి దగ్గరికి రావాలి. ఏ చేప కావాలి, అది పెద్దదైతే ఎంత ఉంటుంది, దాని పుట్టినచోటి నీళ్లు ఎలాంటివి అని ముందు తేల్చుకోండి. దుకాణానికి వెళ్లడం ఆ తర్వాతి పని. ఏంజెల్, డిస్కస్ చేపలు కూడా సిక్లిడ్ కుటుంబానివేనని చాలామందికి తెలియదు. అవి అమెజాన్ ప్రాంతపు మెత్తటి నీళ్ల (లవణాలు తక్కువ ఉన్న నీళ్ల) చేపలు. వాటిని ఆఫ్రికాలోని, క్షారగుణమున్న మలావీ సరస్సు చేపలతో ఒకే తొట్టిలో వేయడం ఇద్దరికీ అన్యాయమే.

"ఎంత పెద్ద తొట్టయినా ఏ గోడ పక్కనైనా పెట్టుకోవచ్చు"

ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న తొట్టి దాదాపు 680 లీటర్లు పడుతుంది. లీటరు నీళ్లు కిలో. గాజు, ఇసుక, రాళ్లు, స్టాండు కలిస్తే 900 కిలోలకు తగ్గదు. ఇదంతా చదరపు మీటరుకు కాస్త మించిన చోట కూర్చుంటుంది. ఇళ్ల గదులకు మన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 చెప్పే భారం చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు. స్లాబు భారం గది మొత్తానికి పంచుకుంటుంది కాబట్టి పెట్టకూడదని కాదు. దూలం ఎటు పోతోందో, బరువు మోసే గోడ ఏదో చూసి, పై అంతస్తు అయితే భవన ఇంజనీరును ఒక్కసారి అడిగి పెట్టాలి. నేల మట్టం కూడా చూడండి. స్టాండు ఒక పక్క కొద్దిగా వాలినా అతుకులు కొన్ని నెలలకు విడిపోతాయి.

గాజు విషయంలో ఒక్క మాట. నీటి ఒత్తిడి ఎత్తును బట్టి పెరుగుతుంది. అందుకే తక్కువ ఎత్తు, ఎక్కువ పొడవు, ఎక్కువ వెడల్పు ఉన్న తొట్టి క్షేమం. సిక్లిడ్లకూ అదే మంచిది, వాటికి కావలసింది నేల వైశాల్యం. ఎత్తయిన, సన్నటి తొట్టి చూడటానికి బాగుంటుంది కానీ అందులో చేపలకు హద్దులు గీసుకునే చోటు దొరకదు.

"ఆఫ్రికా చేపలకు ఉప్పునీళ్లు కావాలి" / "ఆర్వో నీళ్లే శుభ్రం, అవే పోస్తాను"

ఈ రెండూ ఎదురెదురు తప్పులు. మలావీ సరస్సు మంచినీటి సరస్సు. దాని పీహెచ్ దాదాపు 7.8 నుంచి 8.6 వరకు ఉంటుంది, నీటి కాఠిన్యం (కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాలు) మాత్రం మధ్యస్థమే. ఆఫ్రికాలోనే ఉన్న టాంగన్యికా సరస్సు నీళ్లు ఇంకాస్త గట్టివి, పీహెచ్ 9 దగ్గర ఉంటుంది. ఈ క్షారగుణం బైకార్బొనేట్ల వల్ల వస్తుంది. వంటింటి ఉప్పు ఎంత వేసినా అది రాదు.

ఆర్వో యంత్రం ఆ బైకార్బొనేట్లనే తీసేస్తుంది. అవి లేని నీటిలో పీహెచ్ నిలకడగా ఉండదు, కొద్ది రోజుల్లోనే జారిపోతుంది. ఖర్చుపెట్టి మంచి గుణాన్ని తీసేయడం చూస్తే నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే మన ఊళ్లలో చాలా చోట్ల బోరు నీళ్లు మలావీ చేపలకు సరిగ్గా సరిపోతాయి. డిస్కస్ పెంచేవారు తిట్టుకునే నీళ్లు ఇక్కడ వరం. బోరు నుంచి పట్టిన వెంటనే పరీక్షిస్తే పీహెచ్ తక్కువ చూపవచ్చు. భూమిలోపల కలిసిన కార్బన్ డయాక్సైడ్ అందుకు కారణం. ఒక రోజంతా గాలి పంపు పెట్టి ఆ తర్వాత చూడండి. మునిసిపల్ నీళ్లయితే క్లోరిన్ పోగొట్టడానికి హైపో (సోడియం థయోసల్ఫేట్) వాడండి.

టీడీఎస్ మీటరులో అంకె ఎక్కువగా ఉంది కాబట్టి నీళ్లు గట్టివే అనుకోవద్దు. అది కరిగిన లవణాలన్నీ కలిపి చూపుతుంది. ఉప్పదనం వల్ల కూడా ఆ అంకె పెరుగుతుంది. కాఠిన్యానికి, క్షారతకు వేరే పరీక్ష చుక్కలు దొరుకుతాయి.

రాళ్ల కోసం ఎక్కడికో వెళ్లి డబ్బు పోయనక్కర్లేదు. మన తాండూరు బండ సున్నపురాయే, కడప నల్లబండా అంతే. నేల పరిచాక మిగిలిన ముక్కలు మలావీ తొట్టికి చక్కగా పనికొస్తాయి. పదునైన అంచులు అరగదీసి, పాలిష్ గానీ సిమెంటు గానీ లేని ముక్కలు ఏరుకోండి. ముందు రాళ్లు అడుగు గాజు మీద పలుచని థర్మోకోల్ పెట్టి కదలకుండా నిలబెట్టి, తర్వాతే ఇసుక పోయండి. ఈ చేపలు రోజంతా ఇసుక తవ్వుతాయి. ఇసుక మీద నిలబెట్టిన రాయి ఏదో ఒక రోజు గాజు మీద పడుతుంది.

"రంగురంగుల ఆఫ్రికన్లు అన్నీ కలిపి వేసుకోవచ్చు"

దుకాణాల్లో 'మిక్స్‌డ్ ఆఫ్రికన్' అని ఒకే తొట్టిలో అమ్మేవాటిలో సంకరజాతులు ఉంటాయి, పెద్దయ్యాక ఒకదాన్నొకటి బతకనివ్వనివీ ఉంటాయి. ఒక ఇంట్లో నల్లచారల పసుపు చేప ఒకటి కొన్ని నెలల్లో నల్లగా మారింది. జబ్బు చేసిందని మందులు వేశారు. అది అరాటస్ అనే రకం. ఆడవి, పిల్లలు పసుపుగా ఉంటాయి, పెత్తనానికి వచ్చిన మగది నల్లబడుతుంది. అలా నల్లబడిన మగది తొట్టిలో తక్కిన వాటిని మూలకు తరిమేసింది. మందుతో తగ్గే సంగతి కాదు అది.

మలావీలో రాళ్ల మధ్య బతికే చేపలను అక్కడి తోంగా భాషలో ఎంబునా అంటారు, రాళ్ల చేప అని అర్థం. మొదటిసారి పెంచేవారికి నేను చెప్పే కలయిక మూడు రకాలే. పసుపు ల్యాబిడోక్రోమిస్, లేత నీలి సోకోలోఫీ, ఊదా గోధుమ రంగు రస్టీ. ఒక్కొక్కటి ఎనిమిది పిల్లలు. పెరిగాక మగవాటిని తగ్గించి, ఒక మగదానికి మూడు ఆడవి ఉండేలా చూసుకోవాలి. ఒకే రంగు, ఒకే చారలున్న రెండు రకాలు కలపవద్దు. మగవి ఎక్కువగా తమలా కనిపించేవాటినే శత్రువు అనుకుంటాయి.

"చేపలు కిక్కిరిసి ఉంటే కొట్లాట ఉండదు" అన్నది సగం నిజం. పది చేపల్లో బలహీనమైన ఒక్కదాని మీదే దాడి జరుగుతుంది. పాతిక ఉంటే ఆ కోపం పంచుకుపోతుంది. కానీ పాతిక చేపల వ్యర్థాన్ని భరించే ఫిల్టర్ ఉండాలి. తొట్టి నీళ్లన్నీ గంటకు కనీసం ఐదారు సార్లు తిరగాలి. ఒకటి ఆగినా రెండోది నడిచేలా రెండు ఫిల్టర్లు పెడతాను. ఫిల్టర్ సరిపోనప్పుడు ఈ సూత్రం పట్టుకుని చేపలు నింపడం అన్నింటినీ ఒకేసారి పోగొట్టుకోవడమే.

"సక్కర్ చేప వేస్తే తొట్టి కడగనక్కర్లేదు"

గాజుకు నోటితో అతుక్కుని పాచి తినే చేప ఇది. మూడు అంగుళాలప్పుడు కొన్న ఆ చేప అడుగుకు పైన పెరుగుతుంది. తినేదానికన్నా ఎక్కువ మలం అదే పోస్తోందా అన్నట్టు ఉంటుంది. అప్పుడు చోటు చాలక కాలవలోనో చెరువులోనో వదిలేస్తున్నారు. దయచేసి వదలకండి. మన జలాశయాల్లో వలలు చించుతూ, పత్రికల్లో డెవిల్ ఫిష్ పేరుతో కనిపించేవి ఈ కోవ చేపలే. ఇది సిక్లిడ్ ప్రేమికులకు ఇంకా గట్టిగా తెలియాలి. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో బయటి నుంచి తెచ్చి వదిలిన నైల్ పెర్చ్ అనే పెద్ద వేట చేప వల్ల అక్కడి సిక్లిడ్ జాతులు వందల్లో కనుమరుగయ్యాయి. పెంచలేకపోతే దుకాణానికి తిరిగి ఇవ్వండి, లేదా మరొకరికి ఇవ్వండి.

"మాంసం పెడితే త్వరగా పెరిగి రంగు వస్తుంది"

ఎంబునాల పేగు పొడవైనది, రాళ్ల మీది పాచి తినడానికి ఏర్పడినది. పశువుల గుండె, ఎర్రపురుగులు ఎక్కువగా పెడితే పొట్ట ఉబ్బి, మేత ఉమ్మేసి, తెల్లటి దారంలాంటి మలం వేసి చనిపోతాయి. స్పైరులినా అనే పాచి ఉన్న గుళికలు రోజుకు రెండుసార్లు కొద్దికొద్దిగా చాలు. వారంలో ఒక రోజు పస్తు ఉంచండి.

"మనది వేడి ప్రాంతం, చేపలకు ఎండాకాలం ఇబ్బంది లేదు"

నీళ్లు వేడెక్కేకొద్దీ ప్రాణవాయువు తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8.3 మిల్లీగ్రాముల దాకా కరిగేది 30 డిగ్రీల దగ్గర 7.5కు పడిపోతుంది, చేపకేమో అప్పుడే ఎక్కువ కావాలి. నీటి మీద గాలి తగిలేలా చిన్న ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. మే నెలలో కరెంటు పోయినప్పుడు చేపలను కాపాడేది బ్యాటరీతో నడిచే గాలి పంపు. దాన్ని తొట్టితోపాటే కొనండి. ఇక డిసెంబరు రాత్రులకు హైదరాబాదులో హీటరు కావాలి.

"చేప మేత మానేసింది, గొంతు వాచింది, జబ్బు చేసినట్టుంది"

ఆ పెద్దావిడ ఇంటి తొట్టిని ఆరు వారాలు చేపలు లేకుండా నడిపించి, తర్వాత చేపలు వేశాం. ఏడు నెలలకు ఆవిడ ఫోను చేశారు. "బాబూ, ఒక పసుపుది వారం నుంచి ముద్ద ముట్టడం లేదు, మూలన నిలబడి దవడ ఆడిస్తోంది" అన్నారు. గొంతులో కంగారు. నేను వెళ్లి చూశాను. ఎంబునా తల్లులు గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతాయి. మూడు వారాలకు పైగా పస్తుండి, పిల్లలు ఈదగలిగాకే వదులుతాయి. నోట్లో గుడ్లు ఉన్న చేపకు మందులు వేయకూడదు, వల పెట్టి వెంటాడకూడదు. బెదిరితే ఉమ్మేస్తుంది. దాక్కోవడానికి రాళ్ల మధ్య ఇరుకు సందులు ఉంటే చాలు, పిల్లల్లో కొన్నైనా బతుకుతాయి. ఆవిడ ఒక కుర్చీ తెచ్చి తొట్టి ముందు వేయించుకున్నారు.